నెల రోజుల నవల, ఏడు గంటల బస్సు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. నవలలు రాసేవాళ్లు రాయడం వచ్చి రాయడం లేదు, టైం దొరికి రాస్తున్నారని. నాకూ టైం దొరికితే చూపిస్తానని ఇంట్లో రోజూ ఎవరో ఒకరితో అనేదాన్ని. ఎక్కువగా వినేది మా అవ్వ. ఆమెకు ఎడమ చెవి వినబడదు, నేను ఆ చెవి వైపే కూర్చుని చెప్పేదాన్ని కాబట్టి ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. మాది గద్వాల. మా గేరిలో, అంటే మా వీధిలో, ఏ ఇంటి ముందు నిలబడినా మగ్గం చప్పుడు వినబడుతుంది, మా ఇంట్లో అయితే రెండు వినబడేవి, ఒకటి నాయినది, ఒకటి అమ్మది. ఆ రెండు మగ్గాల మీద నేసిన చీరలతో చదువుకుని, నేను వనపర్తిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే ఉద్యోగంలో చేరాను. పొద్దున ఏడు గంటల బస్సుకు పోవడం, చీకటి పడేవేళకు రావడం. ఈ మధ్యలో నవల ఎక్కడ పెట్టాలన్నదే నా బాధ.

మా కాలేజీలో ఇంకో తెలుగు సారు ఉండేవారు, నాకంటే ముప్పై ఏళ్లు పెద్ద. పిల్లలు ఆయన్ను సంధుల సార్ అనేవాళ్లు (ఎవరు ఏ మాట మాట్లాడినా అందులో ఏ సంధి ఉందో చెప్పనిదే వదిలేవారు కాదు). నవంబర్ మొదటి తారీఖున స్టాఫ్‌రూంలో నేను యథాప్రకారం, ఒక నెల టైం దొరికితే నవల రాసి పారేస్తానని అన్నాను. ఆయన అన్నం డబ్బా మూత తీస్తూ తలెత్తకుండానే అన్నారు. "నెల దినాలల్ల ఏమైతదమ్మా? గోంగూర ఎదుగుతది. నవల ఎదగదు." స్టాఫ్‌రూమంతా నవ్వింది. నవ్వు ఆగేలోపల నా నోరు పని చేసింది. "ముప్పైయో తారీఖు కాలేజీ విడిచే లోపల మీ టేబుల్ మీద పెడ్త సార్. మొత్తం చదువుతరా?" "అక్షరం విడిచిపెట్టకుండ చదువుత. మరి పెట్టకపోతే?" అన్నారు. "పెట్టకపోతే ఇంక జన్మల రాయ" అన్నాను. అన్న తర్వాత గానీ తెలియలేదు, నేను పందెంలో పెట్టింది ఏమిటో. డిసెంబర్ ఒకటి నుంచి హైదరాబాద్‌లో గురుకుల టీచర్ పరీక్షల కోచింగ్‌కు అమ్మ అప్పటికే నా పేరు రాయించింది. అందులో దిగితే ఏడాది దాకా తల ఎత్తే పని లేదు. అంటే నాకున్నది సరిగ్గా ఆ ముప్పై రోజులే.

ఆ సాయంత్రమే రెండు వందల పేజీల నోట్‌బుక్కు తెచ్చుకున్నాను. అది నిండితే నవల అయినట్టేనని నా సిద్ధాంతం. రోజుకు ఏడు పేజీలు రాస్తే సరి. ఇక టైం వెతకడం మొదలుపెట్టాను. పొద్దున నల్లా నీళ్లు పట్టాలి, వాకిలి ఊడ్వాలి, బస్సు అందుకోవాలి. కాలేజీలో ఊపిరి తీసుకునే పీరియడ్ ఒక్కటి ఉంటే అందులో ఎవరో ఒకరు సెలవు పెట్టి నన్ను వాళ్ల క్లాసుకు తోలేవారు. ఇంటికొస్తే మరుసటి రోజు నాయినకు కావాల్సిన కండెలు చుట్టాలి (కండె అంటే అడ్డపోగు నూలు చుట్టిన చిన్న గొట్టం. అది ఖాళీ అయితే మగ్గం ఆగిపోతుంది, మగ్గం ఆగితే నాయిన నా వైపు చూస్తాడు). అన్నాలైనాక రాద్దామంటే, ఉన్న రెండు గదుల్లో ఒకటి మగ్గాలది, ఇంకొకటి అవ్వది, లైటు ఉంటే ఆమెకు నిద్ర పట్టదు. ఎటు తిప్పి చూసినా మిగిలింది బస్సే. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. ఇంత టైం పెట్టుకుని ఇన్నాళ్లూ కిటికీలోంచి పత్తి చేన్లు చూస్తూ కూర్చున్నానే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

బస్సులో రాయాలంటే రాసేవాళ్లకు కాదు, రోడ్డుకు ఓపిక ఉండాలి. గద్వాల నుంచి ఎర్రవల్లి చౌరస్తా దాకా అప్పట్లో అన్నీ గుంతలే. ఆ దారిలో నా 'ప'కూ 'వ'కూ తేడా ఉండేది కాదు, ఒత్తులు పక్క లైనులో పడేవి. చౌరస్తాలో హైవే ఎక్కాక కలం నున్నగా నడిచేది. అందుకే నా నవలలో ప్రేమంతా బీచుపల్లి బ్రిడ్జికి అటూ ఇటూ జరిగింది, పోట్లాటలన్నీ ఎర్రవల్లికి ఇవతలే అయిపోయాయి. ఎంత పట్టుదలగా కూర్చున్నా అయిదు రోజుల్లో అయింది పదకొండు పేజీలు. ఆరో రోజు ఒక ఉపాయం తోచింది. ఫోనులో మాట్లాడితే అదే రాసుకుంటుంది కదా! మధ్యాహ్నం అన్నం తింటూ నోట్‌బుక్కులోకి ఎక్కించుకుంటే సరిపోతుంది.

ఫోనుకు మన మాట రాదని అప్పుడు తెలిసింది. 'వస్తున్న' అంటే 'వాస్తు నా' అని రాసేది. సరే అని టీవీలో వార్తలు చదివే ఆమెలాగా ప్రతి మాటా విడమరిచి చెప్పడం మొదలుపెట్టాను. నవలలో కథ చెప్పేది హీరోయిన్, అంటే అంతా 'నేను', 'నన్ను', 'నాకు'. హీరో పేరు అభిరామ్. మధ్యాహ్నం తెరిచి చూస్తే ఫోను నా మాటలతో పాటు బస్సులో వాళ్ల మాటలు కూడా పొల్లు పోకుండా రాసి పెట్టింది. 'అభిరామ్ నా చేయి పట్టుకుని నెమ్మదిగా అన్నాడు ఎర్రవల్లి దిగేటోళ్లు ముందుకు రావాలె.' 'నీ కళ్లలోకి చూస్తే నాకు కనిపించేది ఉడకబెట్టిన పల్లికాయ.' అయినా వెనక్కి తగ్గలేదు. కండక్టర్ మాటలు తీసేసి, పల్లికాయలు ఏరేసి, మిగిలినదాన్ని నోట్‌బుక్కులోకి ఎక్కించేదాన్ని. పేజీలు పరుగెత్తాయి. పద్నాలుగో తారీఖుకు తొంభై పేజీలు! మధ్యాహ్నం అన్నం సగం తిని లేస్తున్నా ఆకలి తెలిసేది కాదు.

ఆ ఏడు గంటల బస్సులో వారానికి మూడు సార్లు నా పక్కన ఒక పెద్దమ్మ కూర్చునేది. ఊరు గట్టు. పెబ్బేరులో కూతురికి కాన్పయిందని, సజ్జరొట్టెల మూట ఒళ్లో పెట్టుకుని పోయేది. ఒకరోజు నేను ఫోనుకు దగ్గరగా వంగి, "అభిరామ్ నన్ను వదిలి వెళ్లిపోయాడు. నేను గుండె రాయి చేసుకున్నాను. ఇక ఈ జన్మలో అతని ముఖం చూడను" అని చెబుతున్నాను. (ఆ వాక్యాలు చెబుతున్నప్పుడు నా కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. అంత బాగా వచ్చాయని.) పెద్దమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది. "ఎవరు బిడ్డా గా పిల్లగాడు?" నా హీరో గురించి ఒక మనిషి నోరు తెరిచి అడగడం అదే మొదటిసారి. సంతోషం పట్టలేక చెప్పేశాను. "హైదరాబాద్ల ఇంజినీరు పెద్దమ్మా. మనసు మంచిదే. తల్లి మాట దాటడు, గంతే." పెద్దమ్మ నిట్టూర్చి మూట విప్పి నా చేతిలో ఒక రొట్టె పెట్టింది. "తల్లి మాట దాటనోడు తాళి కట్టిన నాడన్న దాటుతడా? పోతే పోనీ బిడ్డా. తిను." నేను తిన్నాను. ఎంత మంచి పాఠకురాలు దొరికింది అనుకున్నాను.

పెద్దమ్మ అక్కను ఇచ్చింది మా గేరిలోనే అన్న సంగతి నాకు తెల్వదు. మరుసటి రోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి రెండు మగ్గాలూ ఆగి ఉన్నాయి. మా ఇంట్లో రెండు మగ్గాలు ఒకేసారి ఆగడం ఎవరైనా పోయినప్పుడే చూశాను. అవ్వ కళ్లు ఒత్తుకుంటూ ఉంది, నాయిన గోడకు ఆనుకుని కూర్చున్నాడు, అమ్మ మాత్రం గడపలోనే నిలబడి ఉంది.

"ఎవడే వాడు?"

"ఎవరమ్మా?"

"గా అభిరాముడు! హైదరాబాద్ల ఇంజినీరట, తల్లి మాట దాటడట, నిన్ను ఇడిచిపెట్టి పోయిండట. గట్టు దాంక తెలిసింది, కన్నతల్లికి తెల్వదు!"

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వే కొంప ముంచింది. "నవ్వుతున్నది సూడు, నవ్వుతున్నది!" అని అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఒద్దు. కోచింగు ఒద్దు, హైదరాబాద్ ఒద్దు. వాడుండేది ఆన్నే గద! రేపటి సంది కాలేజీకి గూడ ఒద్దు. ఇంట్ల కూసొని కండెలు సుట్టు." ఒక్క నిమిషంలో ఉద్యోగం, పరీక్ష, నవల మూడూ పోయాయి. అమ్మ మాట అంటే మాటే. "అమ్మా, వాడు లేడే. నేనే పుట్టిచ్చిన" అన్నాను. ఆ మాట ఇంకా తప్పుగా వినబడిందని అమ్మ ముఖం చూస్తే అర్థమైంది.

"జర ఆగు" అన్నాడు నాయిన. "బిడ్డను చెప్పనీ." నేను సంచిలోంచి నోట్‌బుక్కు తీసి ఇచ్చాను. ఆయన రెండు పేజీలు తిప్పి, ఎర్రవల్లికి ఇవతలి నా దస్తూరి చూసి, తిరిగి ఇచ్చేశాడు. "ఏం సమజయితలేదు. నువ్వే సదువు."

అలా నా మొదటి నవలా పఠనం మగ్గం పక్కన, నిలబడి, నిర్దోషినని రుజువు చేసుకోవడానికి జరిగింది. అవ్వ కుడి చెవి నా వైపు తిప్పి కూర్చుంది. గంటసేపు చదివాను. అభిరామ్ వెళ్లిపోయే చోట గొంతు వణకకుండా జాగ్రత్తపడ్డాను, వణికితే మళ్లీ అనుమానం. చదవడం ఆపాక అమ్మ గడపలోంచి లోపలికొచ్చి నా ఎదురుగా కూర్చుంది. తర్వాత మెల్లగా అడిగింది. "గిదంత నువ్వే రాసినవా? నీకేం గాకుంటే గిన్ని మాటలు యాడికెళ్లి వచ్చినయి?" నాయిన అందుకున్నాడు. "నేను అంచుల హంసలు నేస్త. ఎన్నడన్న హంసను జూసిన్నా? నువ్వు జూసినవా?" అమ్మ మగ్గం వైపు చూసింది, నా వైపు చూసింది, నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసింది.

ఆ గండం గడిచిందని ఊపిరి పీల్చుకునేలోపల అవ్వ గొంతు సవరించుకుంది. "పిల్లా, గా పొల్ల అన్నం ఎప్పుడు తింటది?" "ఏ పొల్ల అవ్వా?" "గదే, నీ కథల పొల్ల. ఏడుస్తది, ఉత్తరాలు రాస్తది, వాన్ల తడుస్తది. పొద్దుగాలటి సంది ఒక్క బుక్క తిన్నట్టు లేదు." నోట్‌బుక్కు తిరగేశాను. తొంభై పేజీల్లో ఎవరూ ఏమీ తినలేదు. నాయిన కూడా ఒకటి అడిగాడు, కోపంగా కాదు, మామూలుగానే. "నువ్వు హైదరాబాద్ ఎన్నిసార్లు పోయినవ్ బిడ్డా?" రెండుసార్లు. ఒకసారి జూపార్కుకు, ఒకసారి ఒక పరీక్షకు. నా హీరోయిన్ తొంభై పేజీలుగా తిరుగుతున్నది ఆ రెండు రోజుల్లోనే అని నాకు అప్పుడే తెలిసింది. హంసల మాట చెప్పి నన్ను గట్టెక్కించిన మనిషే ఇలా అడిగాడు.

ఆ రాత్రి సిగ్గుతో నిద్ర పట్టలేదు, కానీ తెల్లవారేసరికి మొండితనం తిరిగొచ్చింది. చించేసి మళ్లీ మొదలుపెట్టే టైం లేదు. మిగిలింది పదిహేను రోజులు, నూట పది పేజీలు. తొంభై ఒకటో పేజీలో హీరోయిన్ ఏ కారణం చెప్పకుండా గద్వాల బస్సెక్కింది. బస్సు దిగి ఇంటికెళ్లి, కాళ్లు కడుక్కుని, రెండు రొట్టెలు, పచ్చి పులుసు, ఒక ఉల్లిగడ్డ తిన్నది. ఆ తిండి రెండు పేజీలు వచ్చింది. అది రాస్తున్నప్పుడు మొదటిసారి నాకు ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో ఆలోచించాల్సిన అవసరం రాలేదు. ఫోనులో చెప్పడం మానేశాను (అమ్మ ఆజ్ఞ). చేతితోనే, గుంతల్లోనే, రాశాను. ఆ వారమే ఒక సాయంత్రం రాట్నం దగ్గరికి పోతే నాయిన అప్పటికే కూర్చుని ఉన్నాడు. "కండెలు నేను సుట్టుకుంట. నువ్వు రాసుకో పో" అన్నాడు, దారం మీంచి చూపు తిప్పకుండా. పొద్దంతా నేసిన మనిషి. నేను పక్క గదిలో కూర్చుని ఆ రాట్నం చప్పుడు వింటూ రాసిన పేజీల్లో ఒక్క కొట్టివేత కూడా లేదు. అమ్మ మాత్రం రోజూ ఆ రోజు పేజీలు చదివించుకునేది, కేవలం అనుమాన నివృత్తి కోసమే అని చెప్పేది. మూడో రోజుకే మాట మారింది. "వాడు మల్ల రావొద్దు. చెప్తున్న. వస్తే నేను ఊకోను."

గట్టు పెద్దమ్మకు కూడా నిజం చెప్పాను. ఆమె మూట ముడి మళ్లీ బిగించి, "అబద్ధమా? రెండు దినాలు నాకు ముద్ద దిగలే గద బిడ్డా!" అంది. ఒక స్టేజీ దూరం అలిగింది. తర్వాత, "అయితే ఇప్పుడు గా పొల్ల యాడున్నది?" అంది.

ముప్పైయో తారీఖు వచ్చింది. ఇంకా తొమ్మిది పేజీలు మిగిలాయి. దారిలో అయిదు, మధ్యాహ్నం నాలుగు అనుకుని బస్సెక్కాను. పెబ్బేరు ఇంకా రాకముందే హైవే మీద ఇంజన్‌లోంచి ఆవిరి లేచింది, బస్సు రోడ్డు పక్కకు తిరిగి ఆగిపోయింది. అందరూ దిగి తలా ఒక మాట తిడుతున్నారు. ఇంకో బస్సు రావాలి, ఎప్పుడొస్తుందో తెల్వదు. ఆ గుంపులో సంతోషంగా ఉన్నది నేనొక్కదాన్నే. కదలని చోటు! పెద్దమ్మ పక్కన ఒక రాయి మీద కూర్చుని రాయడం మొదలుపెట్టాను. ఒకాయన వంగి చూసి "పరీక్షనా?" అని అడిగితే పెద్దమ్మ "పరీక్షనే. సప్పుడు జేయకుండ్రి" అని అందరినీ అవతలికి తోలింది.

ఇంకో బస్సు వచ్చేసరికి రెండు పేజీలు మిగిలాయి. మా కండక్టర్‌ను అందరూ హోల్డాన్ అన్న అనేవాళ్లు. నిమిషానికోసారి ఆ మాట అరవందే ఆయనకు పొద్దుపోదు. "ఎక్కు చెల్లె, ఎక్కు" అన్నాడు. "మీరు పోండ్రి అన్నా, నేను వెనక దాంట్ల వస్త" అన్నాను. "దీని కథ ముగిసేదాంక నేను గూడ ఎక్క" అంది పెద్దమ్మ. హోల్డాన్ అన్న దగ్గరికొచ్చి నిలబడ్డాడు. కోప్పడతాడనుకున్నాను. తల వంచి నోట్‌బుక్కు చూసి, గొంతు తగ్గించి, "గా పిల్లగాడు మల్ల వచ్చిండా?" అని అడిగాడు. నేను ఫోనుకు చెప్పినదంతా ఆయన కూడా విన్నాడని నాకేం తెలుసు! "లేదన్నా. రాడు" అన్నాను. "మంచిది. రాయి" అని వెళ్లి, కొత్త బస్సెక్కిన వాళ్లను తలకాయలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకరు తక్కువ ఉన్నారని మళ్లీ లెక్కపెట్టాడు. ఒకరు ఎక్కువ ఉన్నారని మళ్లీ లెక్కపెట్టాడు. ఆ డ్రైవరు హారన్ కొడుతుంటే "హోల్డాన్! మనుషులు, మేకలు గాదు, సరిగ్గ సూడాలె" అని కసిరాడు. మూడో లెక్క అయ్యేలోపల నా చివరి వాక్యం పడింది. నవల మొత్తంలో అందమైన దస్తూరి ఆ రోడ్డు పక్కన రాసిన పేజీలదే.

కాలేజీకి చేరేసరికి రెండు పీరియడ్లు పోయాయి. ప్రిన్సిపాల్ ముఖం చూడకుండా స్టాఫ్‌రూంలోకి నడిచి సంధుల సార్ టేబుల్ మీద నోట్‌బుక్కు పెట్టాను. చెమట, దుమ్ము, వేళ్లకు ఇంకు. ఆయన దాన్ని తీసుకుని చివరి పేజీ తిప్పి నిండిందో లేదో చూశారు, అన్నం డబ్బా ఉన్న సంచిలోనే జాగ్రత్తగా పెట్టుకున్నారు. "చదువుత అన్న గద. చదువుత" అన్నారు. మరుసటి రోజు నేను హైదరాబాద్ బస్సెక్కాను. అమ్మ కోచింగ్ సెంటర్‌లో అభిరామ్ పేరు గల వాళ్లెవరైనా ఉన్నారేమో ముందే ఫోను చేసి కనుక్కుందని తర్వాత తెలిసింది.

రెండు నెలలకు సారు నోట్‌బుక్కు తిరిగి పంపారు. ప్రతి పేజీలో ఎర్ర సిరా, ప్రతి తప్పూ దిద్ది ఉంది. లోపల ఒక చీటీ. 'మొదటి తొంభై పేజీలు తప్పులు తక్కువ. నిద్ర వచ్చింది. తర్వాతి పేజీల్లో తప్పులు లెక్కలేనన్ని. అవి బస్సులో చదువుతూ కొత్తకోటలో దిగాల్సినవాణ్ని దిగలేదు, అడ్డాకుల దాకా పోయి తిరిగి వచ్చాను. ఇంకోటి రాయండి.' ఆ చీటీ చదివి హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఈసారి నా కోసమే. ఆ నవల ఎక్కడా అచ్చు కాలేదు, అచ్చయ్యేంత బాగుంది అని నేనూ అనను. పరీక్ష మాత్రం పాసయ్యాను.

ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో గురుకులంలో తెలుగు చెబుతున్నాను. కథలు అడపాదడపా అచ్చవుతున్నాయి, మీలాంటి వాళ్లు చదువుతున్నారు. క్వార్టర్‌లో నాకంటూ ఒక గది ఉంది, టేబుల్ ఉంది, కదలని కుర్చీ ఉంది. మొన్న వేసవి సెలవుల్లో నెల రోజులు తలుపు వేసుకుని రెండో నవల మొదలుపెట్టాను. ఎవరూ పిలవలేదు, ఎవరూ అడ్డం రాలేదు. నెలాఖరుకు పది పేజీలు అయ్యాయి, అందులో నాలుగు నాకే నచ్చక తీసేశాను. మిగిలిన ఆరు పేజీలు ముందు పెట్టుకుని కూర్చుంటే, ఇంకు వేళ్లతో, మాసిన చున్నీతో, ఇంత పెద్ద పందెం కాసి ఏమాత్రం భయపడకుండా రోడ్డు పక్కన కూర్చుని రాసుకుంటున్న ఆ పిల్ల గుర్తొచ్చింది. తనకు ఏమేమి రావో ఆమెకు ఇంకా తెల్వదు. నాకు తెలుసు. అంతే మా ఇద్దరికీ తేడా. నాలో నేను నవ్వుకుని, కళ్లజోడు తుడుచుకుని, ఏడో పేజీ తీశాను.